పీహెచ్‌పీ లాగిన్‌లో పాస్‌వర్డ్‌ని నేరుగా పోల్చి చూస్తే సరిపోతుందా?

ఒంగోలులో మీ బాబాయి వాళ్ల ఎరువుల కొట్టుకి పీహెచ్‌పీలో లాగిన్ పేజీ రాశానని, టైప్ చేసిన పాస్‌వర్డ్‌నీ డేటాబేస్‌లో ఉన్నదాన్నీ రెండు సమాన గుర్తులతో పోలుస్తున్నానని, అది సరిపోతుందా అని అడిగావు తమ్ముడూ. చాలదు. నేనూ అచ్చం అలాగే రాసి తల దించుకున్నవాణ్ణే.

కావలి దగ్గర ఒక రొయ్యల మేత అంగడికి ఖాతాల పేజీ చేసిచ్చాను. రైతు లాగిన్ అయితే ఎన్ని బస్తాలు తీసుకున్నాడో, ఎంత బాకీ ఉన్నాడో కనబడాలి, అంతే. పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టే టేబుల్లో పెట్టేశాను. ఒకరోజు బిల్లులు రాసే కుర్రాడు డేటాబేస్ తెరిచి, "అన్నా, ఓనర్ గారు జీమెయిల్‌కీ ఇదే పెట్టుకున్నారే" అన్నాడు నవ్వుతూ. నాకు చెమటలు పట్టాయి.

ఆ రాత్రే అన్నిటినీ ఎండీ5 అనే పద్ధతితో హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని అక్షరాల వరుసగా మార్చి, నిశ్చింతగా పడుకున్నా. అదీ తప్పే. ఎండీ5 వేగంగా లెక్క తేలడానికి చేసింది. ఆ వేగమే దొంగకి వరం: టేబుల్ చేతికి చిక్కితే సెకనుకి కోట్ల కొద్దీ పాస్‌వర్డ్‌లు వేసి చూసుకోవచ్చు. పైగా ఇద్దరు రైతులు ఒకే పాస్‌వర్డ్ పెడితే ఇద్దరికీ ఒకే హ్యాష్ వస్తుంది. ఇంకో తమాషా ఉంది. సున్నా, ఆ పక్కన ఇంగ్లిష్ 'ఈ', ఆపైన అన్నీ అంకెలే ఉన్న హ్యాష్‌ని పీహెచ్‌పీ సున్నా అనే సంఖ్యగా చదువుతుంది. అలాంటివి రెండు దొరికితే, పాస్‌వర్డ్‌లు వేరైనా నీ రెండు సమాన గుర్తులు 'ఒకటే' అని లోపలికి పంపేస్తాయి.

పీహెచ్‌పీ 5.5 నుంచి, అంటే 2013 నుంచి, దీనికి సొంత ఫంక్షన్లు ఉన్నాయి. ఖాతా తెరిచేటప్పుడు 'పాస్‌వర్డ్ హ్యాష్', లాగిన్‌లో 'పాస్‌వర్డ్ వెరిఫై'. ఒకే పాస్‌వర్డ్‌కి కూడా వేరు వేరు హ్యాష్ వచ్చేలా కలిపే యాదృచ్ఛిక అక్షరాల్ని సాల్ట్ అంటారు. అది అదే వేసుకుంటుంది, నువ్వు కలపక్కర్లేదు. ఇప్పుడు డిఫాల్ట్‌గా వాడే బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి 60 అక్షరాల హ్యాష్ ఇస్తుంది. నా కాలమ్ 50 అక్షరాలే. తోక తెగి, సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటుంటే సగం రోజు కోడ్ మీద తిట్లు కురిపించా. నువ్వు 255 పెట్టుకో.

బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది. తెలుగులో గుణింతపు గుర్తుకి కూడా 3 బైట్లు. 'నెల్లూరు' అన్న ఒక్క మాటకే 24 అయిపోతాయి. తెలుగులో వాక్యమంత పాస్‌వర్డ్ పెట్టేవాళ్లుంటే ఇది గుర్తుంచుకో.

యూజర్ పేరుతో డేటాబేస్‌లో వెతికే క్వెరీకి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడు, అంటే టైప్ చేసినదాన్ని క్వెరీలో కలపకుండా విడిగా పంపు. తప్పయితే 'పేరు గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు' అని ఒకే మాట చూపించు, ఏది తప్పో చెప్పకు. లాగిన్ అవగానే సెషన్ ఐడీ, అంటే వచ్చినవాణ్ణి సైటు గుర్తుపట్టే నంబరు, మార్చు. ఐదారు సార్లు తప్పు కొడితే కాసేపు ఆపు. దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ సంగతి వేరే చెప్పాలా! పెద్దక్షరం, చిన్నక్షరం, గుర్తు అన్నీ ఉండాలని మాత్రం రైతుల్ని సతాయించకు, క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలిస్తారు. కనీసం 8 అక్షరాలు ఉండాలి, సొంత ఫోన్ నంబర్ కుదరదు అంటే చాలు.

ఇప్పటికే ఉన్న పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక స్క్రిప్టుతో ఒకేసారి హ్యాష్ చేసి, పాత కాలమ్ తీసెయ్. పని మొదలెట్టే ముందు తీసుకున్న బ్యాకప్ ఫైలు కూడా చెరిపెయ్, అందులో పాత పాస్‌వర్డ్‌లు అలాగే ఉంటాయి. నాది మూడు వారాలు అంగడి కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే ఉంది.