ఆర్డరిచ్చి చేయించుకున్న బల్లకు వాపసు ఉండదా?

ప్రశ్న: మాది కావలి. ఒంగోలులోని ఒక వడ్రంగి షాపులో టేకు చెక్క మధ్య నీలం ఎపాక్సీ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోయించి, కాళ్లకు డవ్‌టైల్ అతుకులతో (పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి ఇమిడేవి) కాఫీ టేబుల్ చేయించుకున్నాను. 48,000 రూపాయలు. 30,000 యూపీఐ ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు ఇవ్వలేదు. నాలుగు నెలలైనా ఎపాక్సీ జిగురుగానే ఉంది. వేడి గ్లాసు పెట్టిన చోట మచ్చ పడింది. అతుకుల్లో సన్నని సందు వచ్చింది. అడిగితే 'ఆర్డరు మీద చేసినది, వాపసు లేదు' అంటున్నారు. - ఒక గృహిణి

జవాబు: ఆ మాటకు మీరు బెదరనక్కర్లేదు. రంగు నచ్చలేదని మీరు వెనక్కి ఇస్తానంటే ఆయన మాట నిలుస్తుంది. మీ కొలతలకు చేసిన బల్లను ఆయన ఇంకెవరికి అమ్ముకుంటారు? లోపమున్న వస్తువు సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, అది లేకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అలాంటిదే.

అయితే మీ మూడు ఫిర్యాదుల బలం ఒకటి కాదు. జిగురు విషయంలో మీ పక్షం గట్టిది. ఎపాక్సీలోని రెండు భాగాలు, అంటే రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, సరైన పాళ్లలో కలిస్తే కొద్ది రోజుల్లో గట్టిపడాలి. నాలుగు నెలల తర్వాతా వేలిముద్ర పడుతోందంటే పాళ్లు తప్పాయి, లేదా సరిగా కలపలేదు. అది పనిలో లోపమే. మచ్చ సంగతి మధ్యస్థం. మామూలు ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది. కానీ కాఫీ టేబుల్ అని చెప్పి చేయించుకున్నప్పుడు ఆ పనికి పనికివచ్చేలా ఉండాలని 1930 సరుకుల విక్రయ చట్టమే అంటుంది. సందు గురించి మాత్రం పట్టుపట్టకండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో వానాకాలం ఉబ్బిన చెక్క మే నెలలో ముడుచుకుంటుంది. వెంట్రుక మందం సందును లోపం అనడం ఆ వడ్రంగికి అన్యాయం. కాలు ఊగితే వేరు.

ఇప్పుడు చేయవలసింది: ఎవరి చేతా ఉప్పుకాగితం పట్టించకండి, సాక్ష్యం పోతుంది. వేలు నొక్కి తీసినప్పుడు పడే ముద్రను తేదీ కనిపించేలా వీడియో తీయండి. ఆయనతో జరిపిన సందేశాలు, యూపీఐ రసీదు చెరిపేయవద్దు. నగదు 18,000 ఇచ్చినట్లు ఆయన ఒప్పుకున్న సందేశం ఉంటే బంగారం. తెలిసిన మరో వడ్రంగి చేత బల్ల స్థితి రాయించుకోండి. తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వండి.

స్పందించకపోతే ఒంగోలు తిరగనక్కర్లేదు. మీరు నివసించే చోటు ప్రకారం నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పాత 1986 చట్టంలో ఈ వీలు లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. న్యాయవాది లేకుండానే వాదించుకోవచ్చు. ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. లోపం తేల్చడానికి కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపమంటే ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి.

నోటీసు అందాక ఆయన 'ఎపాక్సీ గీకి మళ్లీ పోస్తాను' అంటే, నా సలహా ఒప్పుకోమనే. టేకు బాగుంది, అతుకులు చేతిపనివి. కాకపోతే ఏ తేదీకి పూర్తి చేస్తారో, అప్పటికీ కుదరకపోతే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాకే బల్లను ఇంటి గడప దాటించండి.