ఏజెంటు ఇచ్చే లంచానికి కంపెనీ బాధ్యత

ప్రశ్న: మాది ప్రభుత్వ ఆసుపత్రులకు పరికరాలు సరఫరా చేసే చిన్న కంపెనీ. బిల్లు మంజూరు కోసం మా ఏజెంటు సొంతంగా లంచం ఇస్తే, ఆ నేరం మాకూ చుట్టుకుంటుందా?

జవాబు: చుట్టుకుంటుంది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం 9వ సెక్షను ప్రకారం, కంపెనీ తరఫున పనిచేసే వ్యక్తి వ్యాపార ప్రయోజనం కోసం ప్రభుత్వోద్యోగికి లంచం ఇస్తే కంపెనీకే జరిమానా పడుతుంది. దాన్ని అడ్డుకునే తగిన ఏర్పాట్లు మీ దగ్గర ముందే ఉన్నాయని నిరూపించుకుంటేనే తప్పించుకోగలరు. డైరెక్టరు సమ్మతితో జరిగిందని తేలితే ఆ డైరెక్టరుకు 3 నుంచి 7 ఏళ్ల జైలు. కాబట్టి కమీషనును రాతపూర్వక ఒప్పందంలో నిర్ణయించి బ్యాంకు ద్వారానే చెల్లించండి. ముఖ్యంగా ‘ఇతర ఖర్చులు’ అనే పద్దును రసీదు లేనిదే ఒప్పుకోకండి. లంచాలు దాగడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. అధికారి బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే మాత్రం 7 రోజుల్లోగా ఏసీబీకి తెలియజేయండి.