కేకులు మొదలుపెట్టిన మేనకోడలికి, గిరాకీ గురించి

చి.ల.సౌ. అమ్మాయికి,

అత్త ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పొచ్చు. కానీ కుక్కర్ విజిల్స్ మధ్య, పిల్లాడి అల్లరి మధ్య సగం విని సగం వదిలేస్తావని నంద్యాల నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

కేకులు మొదలుపెట్టి నెల దాటింది, ఆర్డర్లు ఇచ్చినవాళ్లంతా మనవాళ్లే, బయటివాళ్లు ఒక్కరూ అడగట్లేదు, రేటు తగ్గించనా అన్నావు. వద్దు తల్లీ. రేటు జోలికి పోకు. నీ కేకు నేను తిన్నాను, స్పాంజి మెత్తగా ఉంది, తీపి సరిగ్గా కుదిరింది. అది తినాల్సినవాళ్ల దాకా ఇంకా చేరలేదు, అదొక్కటే లోటు.

కేకు కొనేది ఒక్కరు, తినేది ఇరవై మంది. ఆ ఇరవై మందిలో ఏ ఇద్దరి ఇంట్లోనో రెండు నెలల్లో పుట్టినరోజో పెళ్లిరోజో ఉంటుంది. మన వ్యాపారం ముందుకు పోయేది అక్కడి నుంచే. ఇప్పటిదాకా నీ కేకులు కోసింది మీ పెదనాన్న ఇంట్లో, మీ ఆడపడుచు ఇంట్లో. అక్కడ తిన్నదీ మళ్లీ మన చుట్టాలే. అందుకే ఆర్డర్లు అక్కడక్కడే తిరుగుతున్నాయి. ఇక నుంచి ఆర్డర్ వచ్చినా రాకపోయినా ఒకటే ఆలోచించు: నా కేకు ఎవరి మధ్యలో కోస్తారు?

పిల్లాడి బడిలో స్టాఫ్‌రూమ్ ఉంది. అక్కడ పాతికమంది టీచర్లు ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక్కో ఇల్లు, ఒక్కో అపార్ట్‌మెంటు. సెప్టెంబర్ 5న టీచర్స్ డేకి పిల్లల తల్లులంతా కలిసి కేకు తెప్పిస్తారు. ఆ తల్లుల వాట్సాప్ గ్రూపులో నువ్వూ ఉన్నావు కదా, ఆగస్టు చివర్లోనే ఆ మాట నువ్వే ఎత్తు. అల్లుడి ఆఫీసులో ఎవరిదైనా రిటైర్మెంట్ ఉంటే ఆ కేకు నీ ఇంటి నుంచే వెళ్లాలి. మెడికల్ కాలేజీ హాస్టల్ పిల్లలు అర్ధరాత్రి పన్నెండుకు కేకు కోస్తారు. వాళ్లకు కిలో కేకు అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురికి సరిపోయే బెంటో కేకు చాలు. రాత్రి పన్నెండుకు నువ్వు బండేసుకుని వెళ్లొద్దు, అల్లుణ్ణీ పంపొద్దు. ఎనిమిదింటికల్లా ఇచ్చేసి, కోసేదాకా ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పు.

ఊరికే పంచడం గురించి అడిగావు. కనిపించినవాళ్లందరికీ శాంపిల్ ఇస్తూ పోతే సరుకు ఖర్చవుతుంది గానీ గిరాకీ రాదు. రోజూ పదిమందితో మాట్లాడే పని ఉన్నవాళ్లను ఐదారుగురిని ఎంచుకో. మీ వీధిలో బ్లౌజులు కుట్టే ఆమె, పార్లర్ అమ్మాయి, ట్యూషన్ చెప్పే మేడమ్, బెలూన్ డెకరేషన్ చేసే కుర్రాళ్లు, ఫంక్షన్లకు వెళ్లే ఫోటోగ్రాఫర్. వీళ్లకు ఒక్కో చిన్న డబ్బాలో రెండేసి ముక్కలు ఇచ్చి, నీ నంబరు ఇచ్చి రా. డెకరేషన్ వాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడు. పుట్టినరోజు పెట్టుకున్నవాళ్లు కేకు కన్నా ముందు పిలిచేది వాళ్లనే. వాళ్లు నీ పేరు చెబితే, నువ్వు నీ గిరాకీలకు వాళ్ల పేరు చెప్పు. కమీషన్ లెక్కల్లోకి దిగొద్దు. డబ్బు మధ్యలోకి వస్తే అది నీ రేటులోనే కలుస్తుంది.

ఇప్పుడు, నీ దగ్గరికే ఎందుకు రావాలి? సందుకో బేకరీ ఉంది. బ్లాక్ ఫారెస్ట్, బటర్‌స్కాచ్, పైనాపిల్ కూల్ కేకులు అన్నిచోట్లా దొరుకుతాయి. అవి నువ్వూ చెయ్యి, కానీ వాటివల్ల నీకు పేరు రాదు. నీకు మూడు విషయాల్లో పేరు రావాలని నా కోరిక.

మొదటిది ఎగ్‌లెస్. దీన్ని చిన్నచూపు చూడకు. మన కర్నూల్లో సోమవారమని ఒకరు, గురువారం బాబా అని ఒకరు, శనివారం వెంకటేశ్వరస్వామి అని ఒకరు గుడ్డు ముట్టరు. ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది, తర్వాత శ్రావణం, ఆ పైన కార్తీకం. ఇక గుడ్డు ఎప్పుడూ తినని కుటుంబాలు సరేసరి. వాళ్లింట్లో పిల్లల పుట్టినరోజు వస్తే తల్లి పడే టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. షాపువాళ్లు ఎగ్‌లెస్ అంటారు, అదే గిన్నె, అదే బీటర్ వాడారేమో అని ఆమె మనసు పీకుతూనే ఉంటుంది. నువ్వు ఎగ్‌లెస్‌కు విడిగా గిన్నెలు, విడిగా బీటర్ పుల్లలు, విడిగా టిన్నులు కొను. వాటికి ఆకుపచ్చ టేపు చుట్టి అరలో వేరే పెట్టు. ఎవరైనా అడిగితే ఆ అర ఫోటో తీసి పంపు. మాటలతో రాని నమ్మకం ఆ ఒక్క ఫోటోతో వస్తుంది. పెరుగు, వంటసోడాతో చేసే స్పాంజి బాగా పొంగుతుంది. కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టాలి, ఆలస్యమైతే గాలి పోయి అడుగున గట్టిపడుతుంది. మరో మాట, మన ముస్లిం ఇళ్లవాళ్లు జెలటిన్ ఉందా అని అడుగుతారు, అది జంతువుల నుంచి తీసేది కాబట్టి. కొన్ని జెల్లీల్లో, మూస్‌లలో అది ఉంటుంది. ప్యాకెట్ వెనక చదివి ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్లకు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్‌తో చేసి పెట్టు.

రెండోది మామిడి. బంగినపల్లికి ఆ పేరిచ్చిన బనగానపల్లె మనకు ఎంత దూరం? 2022లో జిల్లా విడిపోయి అది నంద్యాల వైపు వచ్చింది గానీ, ఆ పండుకు మనం పరాయివాళ్లం కాదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వచ్చే ఏప్రిల్ నుంచి జూన్ దాకా డబ్బా ఎసెన్స్ పక్కన పెట్టి, అసలు పండు గుజ్జుతో కేకు చెయ్యి. గుజ్జును సన్నటి సెగ మీద దగ్గరపడే దాకా కలిపి చల్లార్చి పొరల మధ్య రాస్తే నీళ్లు కారదు. సీజన్ అయిపోయాక ఎవరు అడిగినా లేదనే చెప్పు. అలా చెబితేనే మరుసటి ఏడాది ఏప్రిల్లో గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారు.

మూడోది తెలుగు అక్షరాలు. కేకు మీద అందరూ ఇంగ్లీషులోనే రాస్తారు. షష్టిపూర్తి చేసుకునే పెద్దాయనకు, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు వచ్చిన నాయనమ్మకు కేకు మీద తెలుగులో పేరు కనిపిస్తే ఆ ముఖాల్లో వెలుగు చూడు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, కోన్‌తో చక్కగా తిరుగుతాయి. చిన్నప్పటి నుంచి గోరింటాకు కోన్ పట్టిన చెయ్యి నీది. స్టీలు ప్లేటు వెనక క్రీముతో రాసి, గీకేసి, మళ్లీ రాసి ప్రాక్టీస్ చెయ్యి. పేరు మాత్రం ఫోన్‌లో విని రాయొద్దు. వాట్సాప్‌లో వాళ్లనే టైప్ చేసి పంపమను, రాసేముందు ఒకసారి చదివి వినిపించు.

చెయ్యడం ఒక ఎత్తు, చేర్చడం ఒక ఎత్తు. బయటి గిరాకీ మొదటిసారి నీ మీద అభిప్రాయం ఏర్పరచుకునేది డబ్బా తెరిచిన క్షణంలోనే. బోర్డు మధ్యలో కొంచెం క్రీము రాసి దాని మీద స్పాంజి పెడితే జారదు. కేకును నాలుగు గంటలైనా ఫ్రిజ్‌లో ఉంచి, బయల్దేరే ముందే తియ్యి. స్కూటీ మీదైతే ముందు కాళ్లు పెట్టుకునేచోట పెట్టు, అది సమతలంగా ఉంటుంది. కారులో సీటు మీద వద్దు, సీటు వెనక్కి వాలి ఉంటుంది, కింద మ్యాట్ మీద పెట్టు. ఎవరి ఒళ్లోనూ పెట్టనివ్వొద్దు, ఒంటి వేడికి అంచు కరుగుతుంది. మే నెలలో మన ఊళ్లో 42, 43 డిగ్రీలు మామూలే కదా, అప్పుడు థర్మోకోల్ డబ్బాలో గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు పక్కన పెట్టి, పొద్దు వాలాక పంపు. మధ్యాహ్నం కావాలన్నవాళ్లకు క్రీము కేకు వద్దని చెప్పి, చాక్లెట్ ఎక్కువ, క్రీము తక్కువ వేసి చిక్కగా చేసిన గనాష్ కేకు ఇవ్వు, అది ఎండకు కాస్త ఆగుతుంది. ఇచ్చాక ఒక వాయిస్ మెసేజ్ పెట్టు: డీప్ ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో పెట్టండి, కోసేముందే బయటికి తియ్యండి అని. చాలామంది ముందే తీసి లైట్ల కింద పెడతారు, ఫోటోలయ్యేసరికి పువ్వులు వాలిపోతాయి. ఆ మాట మాత్రం నీకే వస్తుంది.

మొదటి ఆరు నెలలు సి.క్యాంప్, వెంకటరమణ కాలనీ, నంద్యాల చెక్‌పోస్ట్ వరకే డెలివరీ అని చెప్పు. వన్‌టౌన్ వాళ్లు కావాలంటే వచ్చి తీసుకుంటారు. చెప్పిన టైముకు పది నిమిషాలు ముందుండటం ఊరంతా తిరగడం కన్నా ఎక్కువ పేరు తెస్తుంది.

ఫోన్ సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టు, కాదనను. కానీ అక్కడ లైకులు కొట్టేవాళ్లలో సగం మంది నీ కేకు కొనలేనంత దూరంలో ఉంటారు. నీకు పనికొచ్చేది వాట్సాప్ స్టేటస్. వారానికి రెండు మూడు చాలు, రోజూ పెడితే చూడటం మానేస్తారు. నెట్‌లోంచి తీసిన కేకు ఫోటో ఒక్కటి కూడా పెట్టొద్దు. అది చూసి ఆర్డర్ ఇస్తారు, వచ్చింది వేరేలా ఉంటుంది, ఆ ఇంటి గడప మళ్లీ నీకు తెరుచుకోదు. పొద్దున పూట కిటికీ పక్కన పెట్టి తీస్తే ట్యూబులైటు కింద కన్నా రంగు సరిగ్గా వస్తుంది. గూగుల్ మ్యాప్‌లో కూడా పేరు నమోదు చేసుకో. ఇంటి అడ్రసు కనపడకుండా, ఏయే ఏరియాలకు ఇస్తావో మాత్రమే పెట్టే వీలుంది. తిన్నవాళ్లను అక్కడ రెండు మాటలు రాయమని అడుగు, మొహమాటపడకు.

నీ స్టిక్కర్ డబ్బా మూత మీద అంటిస్తున్నావు. కేకు కోసేటప్పటికి ఆ మూత ఎక్కడో మంచం కింద ఉంటుంది. చిన్న స్టిక్కర్ చేయించి బోర్డు ముందు అంచున అంటించు. కేకు కోసే ఫోటో తీసినప్పుడు అదీ పడుతుంది. ఆ ఫోటో వాళ్ల స్టేటస్‌లో, అక్కాచెల్లెళ్ల గ్రూపుల్లో తిరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా నీ నంబరు నీకు తెలియని ఇళ్లకు చేరుతుంది.

ఇప్పుడు నువ్వు తప్పకుండా చెయ్యాల్సింది. ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. నెలకు రెండు పేజీలు వదులు. కేకు ఇచ్చిన ప్రతి ఇంటికీ ఎవరి పుట్టినరోజు, ఏ తారీఖు, ఏ రుచి, గుడ్డా ఎగ్‌లెస్సా, తీపి తక్కువన్నారా, ఏ బొమ్మ పెట్టించారు, అన్నీ రాసుకో. మాటల్లో రెండో పిల్లాడిది ఎప్పుడని అడుగు, అదీ రాసుకో. మరుసటి ఏడాది పది రోజుల ముందు మెసేజ్ పెట్టు: "బాబుకు వచ్చే వారం ఐదు నిండుతాయి కదా అక్కా, పోయినసారి కారు బొమ్మ పెట్టాం, ఈసారి ఏం కావాలంటున్నాడు?" అని. ఏ బేకరీ వాడూ అలా అడగడు. నాకు ఇన్నేళ్లుగా అన్నం పెట్టింది అలాంటి పుస్తకాలే. ఫోన్ పోయినా నంబర్లు పోకుండా కాపాడిందీ అవే.

రేటు దగ్గరికి మళ్లీ వస్తాను. ఉదాహరణకు కిలో కేకుకు సరుకులు 320, డబ్బా, బోర్డు, కొవ్వొత్తులు 60, కరెంటు 30 అయ్యాయనుకో. 410. నీ మూడు గంటల పనికి గంటకు 100 వేసుకుంటే 710. 800 చెప్పడం అన్యాయం కాదు. ఎవరైనా ఎక్కువంటే అదే కేకును తగ్గించి ఇవ్వకు, చిన్న కేకు చూపించు. తగ్గించే బదులు పుట్టినరోజు పిల్లకు రెండు కప్ కేకులు ఊరికే పెట్టు, ఆ పిల్లే మళ్లీ నీ పేరు చెబుతుంది. సగం అడ్వాన్స్ ఫోన్‌పేలో పడ్డాకే వెన్న కరిగించు. చుట్టాలకైనా ఇదే. వదినకు చెప్పు, అత్త చెప్పిందని.

ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే కేంద్రం ఆహార భద్రతా సంస్థ, దాని రిజిస్ట్రేషన్ ఇంకా చేయించలేదన్నావు. ఇంట్లో చేసి అమ్మినా అది తప్పనిసరి. వాళ్ల ఫాస్కాస్ వెబ్‌సైటులో నువ్వే నింపుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది. అది బిల్లు మీద వేసుకుంటే బడులు, ఆఫీసుల ఆర్డర్లకు ఇంకో ప్రశ్న రాదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు లేవని దిగులు వద్దు, ఈ నెల ఎగ్‌లెస్ మీద చెయ్యి తిరగనివ్వు. క్రిస్మస్‌కు ప్లమ్ కేకు మన ఊళ్లో బాగా పోతుంది. ఫ్రిజ్ లేకుండా రోజుల తరబడి నిలవుంటుంది కాబట్టి హడావుడి లేకుండా ముందే చేసి పెట్టుకోవచ్చు. అందులో రమ్ము వద్దనే ఇళ్లే ఎక్కువ, ఎండు పళ్లను నారింజ రసంలో నానబెట్టు, నానినన్ని రోజులూ ఫ్రిజ్‌లోనే ఉంచు. డిసెంబర్ 31కి మాత్రం చెయ్యగలిగినన్ని ఆర్డర్లే తీసుకుని, ఆపైన వచ్చినవాళ్లకు ఇక లేవని ధైర్యంగా చెప్పు.

ఈ ఆదివారం లోపు ఇప్పుడు నువ్వు చేస్తున్న కేకులు ఒక్కోటి విడివిడిగా, సరుకుల ధరలతో కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. ఏది ఎంతకు అమ్మాలో ఇద్దరం కూర్చుని తేలుద్దాం. పిల్లాడికి ముద్దులు.

నీ మేనత్త