నెట్ కనెక్షన్ ఒకటే, రౌటర్లు రెండు: కింద వస్తుంది, పైన రావట్లేదు

అన్నా, హన్మకొండలో మీ ఇంట్లో కింద ఫైబర్ రౌటర్‌తో కంప్యూటర్ బాగానే నడుస్తోంది, పిల్లల రెండు కంప్యూటర్ల కోసం పైన పాత రౌటర్ పెట్టి కేబుల్ లాగితే వైఫై కనిపిస్తుంది కానీ నెట్ రావట్లేదు అన్నారు కదా. టెన్షన్ పడకండి, రౌటర్ చెడిపోయి ఉండదు. చాలా వరకు రెండింటి చిరునామా 192.168.1.1 అయి ఉంటుంది, గొడవంతా అక్కడే.

ముందు కింది నుంచి వచ్చే కేబుల్ తీసేయండి. పై రౌటర్‌ను ఒక్క కంప్యూటర్‌కే కలిపి, సెట్టింగ్స్‌లో ల్యాన్ ఐపీని, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో ఆ రౌటర్ చిరునామాను, 192.168.1.2గా మార్చండి, తర్వాత ఆ కొత్త నంబర్‌తోనే మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు, ఫోన్లకు ఐపీ చిరునామాలు పంచే ఏర్పాటు) ఆఫ్ చేయండి. ఇది మరిచిపోతే రెండు రౌటర్లూ ఐపీలు పంచుతూ ఉంటాయి, నెట్ ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది, కారణం పట్టుకోలేక తల పగిలిపోతుంది. కింది రౌటర్ ఐపీలు పంచేది 192.168.1.2 నుంచి మొదలైతే, పై రౌటర్ నంబర్ ఇంకొకరికి పోకుండా దాన్ని 192.168.1.10 నుంచి పెట్టండి. ఇప్పుడు కేబుల్‌ను పై రౌటర్ ల్యాన్ పోర్టులో గుచ్చండి, వ్యాన్ (WAN, బయటి నెట్ కేబుల్ పెట్టే) పోర్టులో కాదు.

ఇంకోటి, కేబుల్ బయట నుంచి లాగారా? మా కాజీపేట ఇంట్లో మేడ మీది కేబుల్‌ను కోతులు రెండుసార్లు పీకేశాయి, అప్పుడు పైపులో వేయించాను. మీరూ అలాగే వేయించండి.