మాంసం పైన, దుంప కింద

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే వంటకం గురించి అడిగాయి. వెల్లుల్లి, పచ్చి ఆకులు దట్టించిన లేత గొర్రె మాంసాన్ని బంగాళాదుంపలతో కలిపి ఓవెన్‌లో కాల్చే పద్ధతి అది. అందుకని మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి శీర్షికను దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము మెల్‌బోర్న్‌లో ఉంటున్నాము. ఊరి నుంచి వచ్చిన మా అత్తమామల కోసం రెండు కిలోల ల్యాంబ్ తొడ తెచ్చి, గాట్లు పెట్టి, వెల్లుల్లి, రోజ్‌మెరీ కూరి, చుట్టూ బంగాళాదుంపలు పేర్చి 230 డిగ్రీల వేడిలో గంటసేపు కాల్చాను. పైభాగం పీచులా ఎండిపోయింది. ఎముక దగ్గర కోసేసరికి ఎర్రటి నీరు కారడంతో మా అత్తయ్యగారు "ఇంకా నెత్తురు కనిపిస్తోందమ్మా" అని పళ్లెం పక్కకు జరిపారు. దుంపలేమో అంచుల్లో మాడాయి గాని మాంసం రుచి వాటికి అంటనే లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: ముందుగా మీ అత్తయ్యగారికి ఒక మాట చెప్పండి. అది నెత్తురు కాదు. పశువును కోసినప్పుడే నెత్తురు దాదాపు అంతా పోతుంది. కండరంలో ఉండే మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు నీటితో కలిసి అలా ఎర్రగా కారుతుంది. అయినా ఆవిడ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. మనకు మాంసం ఎముక నుంచి ఊడి రావాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. తొడ కండ అలా ఉడకడానికి ఒప్పుకోదు. అందులో కొవ్వు తక్కువ, కీళ్లను పట్టి ఉంచే పీచు కూడా తక్కువ కాబట్టి లోపల 60 డిగ్రీల దగ్గర, గులాబీ రంగులో ఉన్నప్పుడే అది మెత్తగా ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ కూడా కోయని పెద్ద ముక్కకు లోపల 63 డిగ్రీలు వచ్చి, దించాక మూడు నిమిషాలు ఆగితే చాలంటుంది. 75 దాటితే మీరు చూసిన ఎండిన పీచే మిగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన తొడను నేరుగా 230 డిగ్రీల్లోకి తోయడంతో పైన ఒక గతి, ఎముక దగ్గర మరొక గతి పట్టింది.

మన నోటికి కావలసింది భుజం. రోజంతా నడిచి మేసే జంతువు ముందు కాలిలో కొల్లాజెన్ అనే గట్టి పీచు విస్తారంగా ఉంటుంది. అది తొందరపడితే నమలనివ్వదు, నిదానంగా చాలాసేపు వేడి తగిలితే కరిగి జిలాటిన్‌గా మారుతుంది. పాయా చల్లారాక గిన్నెలో గడ్డకట్టి వణకడం మీరు చూసే ఉంటారు, ఇది కూడా అదే పదార్థం. భుజం లోపలి భాగం 90 డిగ్రీలకు చేరినా ఎండదు, ఇంకా జారుగా అవుతుంది.

ఇక దుంపల సంగతి. మీరు వాటిని మాంసం చుట్టూ పెట్టారు. అవి మాంసం కింద ఉండాలి. ఫ్రాన్స్‌లో దీనిని జిగో బులాంజేర్ అంటారు. జిగో అంటే తొడ, బులాంజేర్ అంటే రొట్టెలు కాల్చే ఆవిడ. ఇళ్లలో ఓవెన్ లేని రోజుల్లో పల్లె జనం దుంపలు, ఉల్లిపాయలు తరిగి పళ్లెంలో పరిచి, పైన మాంసం పెట్టి రొట్టెల బట్టీకి పంపేవారు. రొట్టెలు దించాక బట్టీలో మిగిలిన వేడి మెల్లగా తగ్గుతూ ఉంటే అందులో ఆ పళ్లెం గంటల తరబడి ఉండేది. మాంసం కొవ్వు, రసం చుక్కచుక్కగా కిందికి దిగి దుంపల్లో ఇంకేవి. ఆ వంటకంలో నాకు మాంసం కంటే దుంపే ఇష్టమని చెప్పడానికి మొహమాటపడను.

ఈసారి ఇలా చేసి చూడండి. రెండు కిలోల ఎముకతో ఉన్న భుజానికి ముందురోజు రాత్రే నాలుగు చెంచాల ఉప్పు, మిరియాల పొడి పట్టించి ఫ్రిజ్‌లో ఉంచండి. చెంచా అంటే టీ చెంచా. వంటకు గంట ముందు బయటకు తీసి, పైన మందంగా ఉన్న కొవ్వును పలుచటి పొర మిగిలేలా చెక్కేయండి. గొర్రె మాంసానికి ఉండే ప్రత్యేకమైన వాసన చాలావరకు ఆ కొవ్వులోనే ఉంటుంది. కత్తి మొనతో పది పన్నెండు చోట్ల లోతైన గాట్లు పెట్టి, ఒక్కో గాటులో ఒక వెల్లుల్లి పలుకు, నాలుగు రోజ్‌మెరీ ఆకులు దోపండి. పైకి పొడుచుకొస్తే మాడిపోతాయి కాబట్టి వేలితో లోపలికి నొక్కండి. కిలోన్నర దుంపలను నాణెం మందాన చక్రాలుగా తరగండి. తరిగాక కడగవద్దు, కడిగితే చిక్కదనాన్నిచ్చే పిండి నీళ్లలో పోతుంది. రెండు ఉల్లిపాయల చీలికలు, కొద్దిగా ఉప్పు కలిపి లోతైన పళ్లెంలో పరచి, ఎముకలు కాచిన రసం అర లీటరు పోసి, పైన మాంసం పెట్టి రేకుతో బిగించి కప్పండి. 160 డిగ్రీల్లో మూడు గంటలు ఉంచాక రేకు తీసి, వేడిని 200కు పెంచి మరో అరగంట కాల్చండి. పై వరుస దుంపలు అంచులు ముడుచుకుని బంగారు రంగుకు రావాలి, కింది వరుసలు చెంచాతో తీస్తే వెన్నలా రావాలి. దించాక ఇరవై నిమిషాలు ఆగి వడ్డించండి. ఈసారి మీ అత్తయ్యగారికి కత్తి అవసరం ఉండదు.

ప్రశ్న: మాది హన్మకొండ. మా ఇంట్లో ఓవెన్ లేదు, ఇక్కడ ల్యాంబ్ అని విడిగా అమ్మరు. మటన్‌తోనూ, ఆలుగడ్డలతోనూ ఇది కుదురుతుందా?

జవాబు: నిక్షేపంగా కుదురుతుంది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే, సుమారు ఒక కోటి 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఈ వంటకు ఇంతకంటే అనువైన నేల ఏముంటుంది? చిక్కు పేరులోనే ఉంది. మనం మటన్ అనేది మేక కావచ్చు, పొట్టేలు కావచ్చు, వయసు ఎంతైనా కావచ్చు. ల్యాంబ్ అంటే ఏడాది లోపు గొర్రెపిల్ల. మన గొల్లకురుమలు నోరు తెరిచి చూసి "ఇంకా పళ్లు వేయలేదు", "రెండు పళ్లది" అని వయసు చెబుతారు. ఆస్ట్రేలియాలో కూడా 2019 నుంచి శాశ్వతమైన ముందు పళ్లు ఇంకా ఎదగని గొర్రెను ల్యాంబ్‌గానే లెక్కిస్తున్నారు. కాబట్టి దుకాణంలో ల్యాంబ్ అని అడగకండి, "పళ్లు వేయని పొట్టేలు, ముందు కాలు, భుజంతో సహా" అని అడగండి. ఆదివారం పొద్దున రద్దీలో మొద్దు మీద కత్తి పడడానికి ముందే ఈ మాట చెప్పాలి, లేకపోతే రెండు నిమిషాల్లో కూర ముక్కలు చేసి కవరులో పెడతారు. మీకు అరచేతిలో సగం ఉండే పెద్ద ముక్కలు, ఎముకతో కావాలి. మేక మాంసమే దొరికితే దాని మీద కొవ్వు తక్కువ గనుక రెండు చెంచాల నెయ్యి అదనంగా వేసుకోండి.

ఓవెన్ లేదన్న దిగులు వద్దు. ఇది ఓవెన్ లేని వాళ్లు కనిపెట్టిన వంటే కదా. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో కిలో ముక్కలను, నీళ్లు లేకుండా, ఒకదానికొకటి తగలకుండా రెండు విడతలుగా ఎర్రగా వేయించండి. తొక్క తీయని ఒక పూర్తి వెల్లుల్లి గడ్డను అడ్డంగా రెండు చెక్కలు చేసి అందులో పెట్టి, గ్లాసు నీళ్లు పోసి, మూత అంచుకు గోధుమపిండి ముద్ద అంటించి, సన్నటి సెగ మీద గంటన్నర వదిలేయండి. మూత తీశాక రసం మీద తేలే కొవ్వును గరిటెతో వేరే బాణలిలోకి తీసి, సగం ఉడికించిన ఆలుగడ్డలను అందులో కరకరలాడేలా వేయించి, చివర పది నిమిషాలు మాంసంతో కలిపి మగ్గనివ్వండి. కుక్కర్ వాడదలిస్తే మాంసాన్ని మాత్రమే అందులో ఉడికించండి. మాంసం మెత్తబడే విజిళ్లకు ఆలుగడ్డ చారయిపోతుంది.

ప్రశ్న: రోజ్‌మెరీ, థైమ్, ఒరెగానో మా రాజమండ్రిలో తాజాగా దొరకడం లేదు. సీసాల్లో అమ్మే ఎండు ఆకులు వేయవచ్చా? మన ఆకుల్లో ఏవైనా పనికొస్తాయా?

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. ఎండు ఆకులు వేయవచ్చు. తాజా ఆకు మూడు చెంచాలు అన్నచోట ఎండుది ఒక చెంచా చాలు. రోజ్‌మెరీ ఎండినా గుణం పోదు. రోజ్‌మెరీ, థైమ్ మన దేశంలోనే నీలగిరుల్లో పండుతాయి కాబట్టి పెద్ద ఊళ్లకు వెళ్లినప్పుడు తెచ్చుకుని, కడిగి తుడిచి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

అయితే ఈ వంటకు కావలసిన పరిమళాలు మీ వీధిలోనే ఉన్నాయి. కనకాంబరాల మాలలో నడుమ నడుమ కట్టే మరువాన్ని తీసుకోండి. ఒరెగానో, మరువం ఒకే ప్రజాతికి చెందిన అక్కచెల్లెళ్లు. యూరప్‌లో మరువాన్ని మాంసం వంటల్లో వేస్తారు, మనం జడలో తురుముతాం. పూల బజారులో కొన్న మరువానికి ఏ మందు కొట్టారో, ఏ నీళ్లు చల్లారో తెలియదు గనుక దానిని మాత్రం వంటలో వేయకండి, కుండీలో ఒక కొమ్మ నాటుకోండి. దాని పక్కనే పూల దుకాణంలో ఉండే దవనం వేరే జాతి, వాసన బాగుంది కదా అని దానిని వేయవద్దు.

రెండోది వాము. థైమ్‌కు ఆ వాసననిచ్చే థైమాల్ అనే పదార్థం వాములో పుష్కలంగా ఉంది. కిలో మాంసానికి పావు చెంచా వామును నలిపి వెల్లుల్లితో నూరి గాట్లలో పెడితే థైమ్ లేని లోటు చాలావరకు తీరుతుంది. అంతకు మించితే జంతికల వాసన వస్తుంది. పిల్లల జలుబుకు కషాయం కాచే, బజ్జీలు వేసే మందపాటి వామాకు వేరే మొక్క అయినా దాని పరిమళం ఒరెగానోకు దగ్గరగా ఉంటుంది. నాలుగు ఆకులు సన్నగా తరిగి దుంపల మధ్య చల్లండి.

ఏ ఆకును ఎప్పుడు వేయాలన్నది కాడను తుంచి చూస్తే తెలుస్తుంది. రోజ్‌మెరీ, థైమ్‌లా కాడ పుల్లలా ఉండే ఆకులు మూడు గంటల సెగను ఓర్చుకుంటాయి, మొదటే వేయాలి. పుదీనా, కొత్తిమీరలాంటి నీరు నిండిన మెత్తని ఆకుల పరిమళం పది నిమిషాల్లో ఆవిరైపోతుంది, వాటిని దించాకే చల్లాలి. మరువం ఈ రెంటికీ మధ్యది, చివరి అరగంటలో వేయండి.

ప్రశ్న: నేను చేసినప్పుడల్లా వెల్లుల్లి మాడి చేదు వస్తోంది. ఒక సందేహం కూడా. పొట్టు తీసిన రెబ్బలను నూనెలో వేసి గూట్లో పెట్టుకుంటే పని తేలిక కదా?

జవాబు: వెల్లుల్లిని దంచి పైన పూస్తున్నారని ఊహిస్తున్నాను. దంచిన వెల్లుల్లి 200 డిగ్రీల్లో కొద్ది నిమిషాల్లోనే మాడుతుంది. పైన పూయకుండా గాట్లలో దోపండి, లేదా పొట్టుతోనే రెబ్బలను దుంపల కింద దాచండి. ఘాటు పోయి, నొక్కితే తియ్యటి గుజ్జు బయటకు వస్తుంది.

నూనెలో వేసి గూట్లో పెట్టడం మాత్రం వద్దే వద్దు. మట్టిలో పెరిగే వెల్లుల్లికి బొట్యులిజం కలిగించే సూక్ష్మక్రిమి బీజాలు అంటి ఉండవచ్చు. గాలి సోకని నూనెలో, పులుపు లేనిచోట, గది వేడిమిలో అవి పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేస్తాయి, దానికి రంగు మారడం, వాసన రావడం వంటి గుర్తులేవీ ఉండకపోవచ్చు. మన వెల్లుల్లి ఆవకాయలో పులుపు, ఉప్పు దండిగా ఉంటాయి కాబట్టి దానితో దీనిని పోల్చకండి. నూనెలో వేసినది ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు రోజుల్లో వాడేయండి.

ప్రశ్న: గ్రీకు పద్ధతి అని చదివి నిమ్మరసం పిండి కాల్చాను. గంట దాటినా ఉర్లగడ్డలు గట్టిగానే ఉన్నాయి. దుంప రకం మంచిది కాదా? (అనంతపురం)

జవాబు: దుంప తప్పు కాదు, నిమ్మకాయది. కూరగాయ కణాలను అంటించి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే త్వరగా కరగదు. పులుసులో ముక్క మెత్తబడ్డాకే చింతపండు రసం పోయమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. గ్రీసులో దుంపలు, నిమ్మరసం, ఒరెగానో, వెల్లుల్లి ఒకేసారి పళ్లెంలో వేస్తారన్నది నిజమే, కాని వాళ్లు రెండు గంటలకు తక్కువ కాకుండా, అడుగున రసం ఉండేలా చూసుకుంటూ కాలుస్తారు. అంత ఓపిక లేకపోతే ఉర్లగడ్డలను ఉప్పు నీళ్లలో ఎనిమిది నిమిషాలు ఉడికించి, వార్చి, గిన్నెలోనే రెండుసార్లు కుదిపి అంచులు గరుకుగా చేసి పళ్లెంలో వేయండి. నిమ్మరసం చివరి ఇరవై నిమిషాల్లో పోయండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మా ఇంటి పక్కవారు కాల్చిన ల్యాంబ్‌తో పుదీనా సాస్ పెట్టారు. దానికి బదులు మన పుదీనా పచ్చడి పెడితే బాగుంటుందా?

జవాబు: వాళ్ల సాస్‌లో పుదీనా, వెనిగర్, చక్కెర తప్ప మరేమీ ఉండవు. గొర్రె కొవ్వు చల్లారితే అంగిలికి మైనంలా అంటుకుంటుంది, వెనిగర్ పులుపు దానిని కోస్తుంది. మన పచ్చడిలో చింతపండు అదే పని చేస్తుంది కాబట్టి నిరభ్యంతరంగా పెట్టండి. పోపు మాత్రం వద్దు, పచ్చిమిర్చి సగానికి తగ్గించండి. వడ్డించే పళ్లాలను వేడి నీళ్లలో ముంచి తుడిచి పెట్టుకుంటే కొవ్వు పేరుకునే లోపే భోజనం ముగుస్తుంది.