కట్ట కింద ఊట: ముందు నీటి రంగు చూడండి

అన్నా, గుంటూరు దగ్గర మీ పొలంలోని చెరువు కట్ట అడుగున నీరు ఊరుతోందని, బయటివైపు బంకమట్టి కొట్టి మూసేయాలా అని అడిగారు. దయచేసి మూయకండి. దారి మూస్తే లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట బుంగ పడుతుంది.

ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. తేటగా ఉండి ధార పెరగకపోతే రోజూ గమనిస్తూ ఉండండి. అడుగున మట్టి పేరుకుందా, కట్ట లోపలినుంచి కోసుకుపోతున్నట్టే. వెంటనే తూము తెరవండి, కానీ మట్టం నెమ్మదిగా దించండి; ఒక్కసారిగా దించితే లోపలివైపు కట్ట జారుతుంది. ఊట మీద ముందు ఇసుక, దానిపై కంకర పరవండి. నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. దిగువ ఇళ్లవాళ్లకు, ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఆ రోజే చెప్పండి.

మన నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, తొలకరికి ముందే కట్ట పైభాగం చూసుకోండి. చెరువు నిండితే నీరు పొర్లిపోయే అలుగు దగ్గర తుమ్మకంప ఉంటే ఈ వారమే కొట్టించండి.