మెక్సికో గోల్‌కీపర్ ఒచోవా కెరీర్ విఫలమైనట్టేనా?

"ప్రపంచకప్పు వచ్చినప్పుడే కనబడతాడు, మిగతా నాలుగేళ్ళూ ఏదో చిన్న క్లబ్బులో ఉంటాడు. పెద్ద క్లబ్బు ఒక్కటీ తీసుకోని గోల్‌కీపర్ గొప్పవాడెలా అవుతాడు?" అని ఒచోవా గురించి మీరు అడిగారు. గొప్పవాడే. గ్వాదలహారాలో రెండేళ్ళు ఉండి వచ్చాను, ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్ళూ గోల్ దగ్గర నిలబడ్డాను. ఆ రెండు అనుభవాలతో చెప్తున్నాను.

ముందు పేరు సంగతి. మనవాళ్ళు అతన్ని "గుల్లెర్మో" అంటుంటారు. అది గియెర్మో. మెక్సికోలో ఆ పేరున్న వాళ్ళందరినీ ముద్దుగా మెమో అంటారు. అక్కడ ఒట్టి మెమో అంటే చాలు, ఎవరి గురించో అందరికీ తెలుసు.

2017లో ఆఫీసు పని మీద గ్వాదలహారా వెళ్ళాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలు బాగా ఉన్న ఊరు, మన తెలుగువాళ్ళు కూడా అక్కడక్కడా కనబడతారు. నేను అద్దెకున్న ఇంటి ఓనరు అరవై దాటిన పెద్దాయన. కింద వాళ్ళు, పైన నేను. ఆయన చీవాస్ మనిషి. చీవాస్ ఆ ఊరి క్లబ్బు, 1906లో మొదలైంది, మెక్సికన్లను తప్ప ఇంకెవరినీ ఆడించదు. దానికి బద్ధశత్రువు మెక్సికో సిటీలోని క్లబ్ అమెరికా. ఆ పసుపు చొక్కాల వాళ్ళ నినాదం "ఒడియామే మాస్", అంటే "నన్ను ఇంకా ద్వేషించు" అని. మా ఓనరుగారు ఆ పని మనస్ఫూర్తిగా చేసేవారు.

ఒచోవా 1985లో పుట్టింది ఈ గ్వాదలహారాలోనే. ఆడింది మాత్రం క్లబ్ అమెరికాకి. 2004లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, పసుపు చొక్కాల జట్టుకి గోల్‌కీపర్‌గా దిగాడు, మరుసటి ఏడాది లీగ్ టైటిల్ గెలిచాడు. మన ఊళ్ళో పుట్టి వాళ్ళకి ఆడతాడా అని పెద్దాయనకి కోపం. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఆ గిరజాల జుట్టువాడు" అనేవారు, అంతే.

2018 జూన్ 17. ఆదివారం, పైగా అక్కడ ఫాదర్స్ డే. రష్యాలో ప్రపంచకప్పు, మెక్సికో మొదటి మ్యాచ్ జర్మనీతో. జర్మనీ అప్పటికి ఛాంపియన్. మాకు పొద్దున పదింటికి మ్యాచ్. పెద్దాయన కూతుళ్ళిద్దరూ అల్లుళ్ళతో, పిల్లలతో వచ్చారు. నన్ను కూడా కిందకి రమ్మన్నారు. చిలకీలెస్ చేశారు. రాత్రి మిగిలిన చపాతీలు తుంచి మనం పోపు వేసుకుంటాం చూడండి, దానికి అన్నలాంటిది. మొక్కజొన్న రొట్టె ముక్కలు వేయించి కారం పులుసులో ముంచుతారు. ప్లేట్లు చేతుల్లోనే ఉండిపోయాయి, ఎవరూ సరిగ్గా తినలేదు.

35వ నిమిషంలో మెక్సికో ఆటగాడు లోసానో గోల్ కొట్టాడు. ఆ అరుపుకి వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి మొరగడం మొదలుపెట్టాయి. నాలుగు నిమిషాలు తిరక్కుండానే జర్మనీకి ఫ్రీకిక్. కొట్టబోయేది టోనీ క్రూస్. ఇంట్లో శబ్దం లేదు. చిన్నమ్మాయి పిల్లాడి నోరు మూసి పట్టుకుంది. పెద్దాయన కాఫీ కప్పుతో నిలబడి ఉన్నారు. క్రూస్ కొట్టిన బంతి గోడ కట్టిన వాళ్ళ మీదుగా వంపు తిరిగి సరిగ్గా పైమూలకి వెళ్తోంది. గోలే అనుకున్నాను. ఒచోవా గాల్లోకి లేచి వేళ్ళ చివరతో తాకాడు. బంతి పై బారుకి తగిలి బయటికి పోయింది.

ఎవరూ అరవలేదు. అందరి ఊపిరీ ఒక్కసారి బయటికొచ్చిన చప్పుడు వినబడింది. పెద్దాయన కప్పు టేబుల్ మీద పెట్టి, కూర్చుని, నెమ్మదిగా "మెమో" అన్నారు. ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి తల తిప్పి చూశారు. ఆ ఇంట్లో నేనున్న ఏడాదిలో ఆయన నోట ఆ పేరు అదే మొదటిసారి. సెకండాఫ్ అంతా జర్మనీ వరసపెట్టి దాడి చేసింది. ఒచోవా ఆపిన ప్రతిసారీ పెద్దాయన పక్కింటి కుర్రాడితో మాట్లాడుతున్నట్టు "అలాగే మెమో, అలాగే ఉండు" అంటూనే ఉన్నారు. 1-0తో మెక్సికో గెలిచింది.

సాయంత్రం మినెర్వా సర్కిల్‌కి వెళ్ళాం. ఊళ్ళో ఏ సంబరమైనా జనం చేరేది అక్కడే, మినెర్వా దేవత విగ్రహం ఉన్న పెద్ద రౌండబౌట్ దగ్గర. ఆకుపచ్చ చొక్కాల మధ్య గిరజాల విగ్గులు పెట్టుకున్న చిన్నపిల్లలు. క్లబ్ అమెరికా పసుపు చొక్కా వేసుకున్న కుర్రాడొకడు కూడా కనబడ్డాడు. ఆ ఊళ్ళో మామూలు రోజున ఆ చొక్కా వేసుకుని మినెర్వా దగ్గర నిలబడాలంటే ధైర్యం కావాలి. ఆ రోజు వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన కూడా చూశారు, చూసి ముందుకి నడిచారు.

ఇప్పుడు క్లబ్బుల సంగతికొద్దాం, మీరు అడిగింది అదే కదా. 2011లో అతను పారిస్ సెయింట్ జెర్మెయిన్ అనే పెద్ద ఫ్రెంచ్ క్లబ్బుకి వెళ్తాడని వార్తలొస్తున్న రోజుల్లో, ఉత్తర అమెరికా దేశాల గోల్డ్ కప్ పోటీ మధ్యలో ఐదుగురు మెక్సికో ఆటగాళ్ళ పరీక్షల్లో క్లెన్‌బ్యుటెరాల్ బయటపడింది. అందులో ఒచోవా ఒకడు. కొవ్వు లేని మాంసం కోసం పశువులకి దొంగచాటుగా పెట్టే మందు అది. మాంసం తిన్నవాడి ఒంట్లోకీ వస్తుంది. అదే వేసవిలో మెక్సికోలోనే జరిగిన అండర్-17 ప్రపంచకప్పులో 208 శాంపిళ్ళు పరీక్షిస్తే 109లో ఆ మందు ఆనవాళ్ళున్నాయి. పదహారేళ్ళ పిల్లలంతా డోపింగ్ చేశారా? ఐదుగురినీ నిర్దోషులన్నారు. ఈలోపు తలుపులు మూసుకుపోయాయి. దక్కింది కోర్సికా దీవిలో అజాక్సియో, అప్పుడే ఫ్రాన్స్ పై డివిజన్‌లోకి వచ్చిన చిన్న క్లబ్బు. ఆ మాంసం ముక్క లేకపోతే అతని కథ వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం.

అజాక్సియోలో మూడేళ్ళు ఆడాడు. 2014లో జట్టు కింద డివిజన్‌కి పడిపోయింది, ఒప్పందం అయిపోయింది. బ్రెజిల్ ప్రపంచకప్పుకి వెళ్ళేనాటికి చేతిలో క్లబ్బే లేదు. ఫోర్తలేజాలో ఆతిథ్య జట్టు మీద ఆడిన 0-0 మ్యాచ్ అప్పటిదే. నెయ్‌మార్ తలతో కొట్టిన బంతిని నేలబారుగా దూకి గీత దగ్గర బయటికి తోసేశాడు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైన ఆ మ్యాచ్ చూసి, పొద్దున పేపర్ తీస్తే బ్రెజిల్ గెలవలేకపోయిందన్న బాధే తప్ప ఆపినవాడి ముచ్చట రెండు లైన్లు కూడా లేదు. మన క్రీడా పేజీల్లో ఫుట్‌బాల్ అంటే గోల్ కొట్టినవాడి ఫోటో. నాకెప్పుడూ బాధే అది.

ఇక గ్రనాడా. అందరూ వేలెత్తి చూపేది ఇదే. 2016-17లో స్పెయిన్ లీగ్‌లో ఆ జట్టు 82 గోల్స్ తిన్నది, 38 మ్యాచుల్లోనూ కీపర్ ఒచోవానే. ఆ సీజన్‌లో కోచ్‌లు ముగ్గురు మారారు, జట్టు చిట్టచివరి స్థానంలో నిలిచింది. దానికి కీపర్ని అంటారా? మా కాలేజీ తరఫున ఒకసారి వేరే ఊరు వెళ్ళి ఆరు గోల్స్ తిన్నాం. నెట్ కూడా లేని ఎర్రమట్టి గ్రౌండ్, మోచేతులు చెక్కుకుపోయాయి. బంతి ఎక్కడ పోయిందో, ఎవరి కాళ్ళ దగ్గర పోయిందో నాకొక్కడికే కనబడింది, ఎందుకంటే గ్రౌండ్ మొత్తం కనబడేది కీపర్‌కే. బస్సెక్కాక మాత్రం మిగతా పదిమందీ నా వైపు చూశారు. ఆపినవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. అందుకే 82 అనగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్నిసార్లు ఎదురుగా ఒంటరిగా నిలబడాల్సి వచ్చిందో చెప్పకుండా ఆ అంకె ఒక్కటే చెప్పడం అన్యాయం.

అంతకుముందు స్పెయిన్‌లోనే మాలగా క్లబ్బులో మొదటి సీజన్ కామెనీ అనే కీపర్ వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. 2010 ప్రపంచకప్పులో కోచ్ అగిరే ఇతన్ని పక్కన పెట్టి ముప్పై ఏడేళ్ళ ఆస్కార్ పెరెజ్‌ని దింపాడు. అయినా 2006 నుంచి 2022 దాకా వరసగా ఐదు ప్రపంచకప్పుల జట్టులో ఉన్నాడు. రష్యాలో నాలుగే మ్యాచుల్లో 25 ఆపాడు. ఏడు మ్యాచ్‌లు ఆడిన బెల్జియం కీపర్ కుర్టువా 27 ఆపి అతనికన్నా ముందున్నాడు. ఒచోవా బెల్జియంలో స్టాండర్డ్ లీజ్ క్లబ్బుతో 2018లో ఆ దేశపు కప్పు గెలిచాడు. టోక్యో ఒలింపిక్స్‌లో కుర్రాళ్ళ జట్టుకి పెద్దదిక్కుగా వెళ్ళి కాంస్యం తెచ్చాడు. తర్వాత ఇటలీలో సలెర్నితానా, పోర్చుగల్, నలభై ఏళ్ళ వయసులో సైప్రస్. డబ్బుకి కొదవలేదు, ఇంట్లో కూర్చోవచ్చు. ఆడనిచ్చే చోటికల్లా వెళ్తున్నాడు.

2022 నవంబర్ 22న ఖతార్‌లో పోలండ్ మ్యాచ్ జరిగేటప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. ఒచోవా అప్పటికి మళ్ళీ క్లబ్ అమెరికాలోనే ఉన్నాడు. పోలండ్ స్ట్రైకర్ లెవాండోవ్‌స్కీ పెనాల్టీని ఎడమవైపు దూకి ఆపాడు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. గ్వాదలహారా నుంచి వాయిస్ మెసేజ్. వెనక ఇంటిల్లిపాదీ అరుస్తున్నారు, పెద్దాయన గొంతు బొంగురుపోయింది. "చూశావా మావాణ్ణి? ఇక్కడే పుట్టాడు, మా ఊళ్ళోనే" అన్నారు.